కార్డుల గది క్రీస్తుదాసు

మైపాడు రోడ్డు మీద ఉన్న చిన్న ఆసుపత్రిలో క్రీస్తుదాసు 1958లో పనికి కుదిరాడు. అంతకు ముందు కొడవలూరు దగ్గర చర్చి బడిలో పంతులు. పిల్లలు రాక బడి మూతపడ్డాక రెండేళ్ళు ఖాళీగా తిరిగాడు. చేతిరాత బాగుంటుందని ఎవరో చెబితే ఆసుపత్రి డాక్టరు ఆనందకుమారి పిలిపించి, ఒక కాగితం ముందు పెట్టి, పది పేర్లు రాయమంది. రాశాడు. మర్నాటి నుంచి రమ్మంది. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్ళు.

ఆనందకుమారి రాకముందు అక్కడ చీటీల పద్ధతి ఉండేది. జబ్బు పేరూ మందు పేరూ ఒక చీటీ మీద రాసి రోగి చేతికిచ్చేవాళ్ళు. ఆ చీటీ మళ్ళీ ఆసుపత్రి మొహం చూసేది కాదు. సముద్రం మీదికి పోయేవాళ్ళ నడుముల్లో తడిసి ముద్దయ్యేది, లేకపోతే పొయ్యి రాజేయడానికి పనికొచ్చేది. రెండోసారి వచ్చినవాళ్ళు పోయినసారి ఎర్ర మందు ఇచ్చినారని మాత్రం చెప్పేవాళ్ళు. ఆసుపత్రిలో ఎర్ర మందులు నాలుగు రకాలు.

ఆమె దీన్ని మార్చింది. ప్రతి మనిషికీ ఒక అట్ట కార్డు, దానికో నంబరు. జబ్బు, మందు, తేదీ అన్నీ అందులోనే. కార్డు ఆసుపత్రి సొరుగులో ఉంటుంది, మనిషి దగ్గర నంబరు ఉంటే చాలు. నంబరును కూడా కాగితం మీద ఇస్తే పాత కథే కాబట్టి రేకు బిళ్ళల మీద కొట్టించింది. మైపాడులో కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి గరాటులు, దీపం బుడ్లు చేసే అల్లాబక్షు ఆ బిళ్ళలు చేసిచ్చాడు. రూపాయి కాసంత బిళ్ళ, తాడు దూర్చడానికి పైన చిల్లు, మధ్యలో సుత్తితో కొట్టిన అంకెలు. అతని భార్య బీజాన్ కూడా పక్కన కూర్చుని కత్తెర పట్టేది. ఆ పనిలోనే ఆమె ఎడమచేతి చిటికెనవేలు సగానికి తెగిపోయింది.

కార్డుల గదికి రెండు కిటికీలు. ఒకటి జనం నిలబడే వరండాలోకి, రెండోది డాక్టరు గదిలోకి. క్రీస్తుదాసు బయటి కిటికీలో బిళ్ళ అందుకుని, నంబరు చూసి, సొరుగు లాగి, కార్డు తీసి లోపలి కిటికీలోంచి డాక్టరు బల్ల మీదికి తోసేవాడు. మనిషికంటే ముందు కార్డు లోపలికి వెళ్ళేది. రోగి వచ్చి స్టూలు మీద కూర్చునేసరికి డాక్టరు చదవడం అయిపోయేది. మూడేళ్ళలో కార్డులు ఆరు వేలు దాటాయి. ఏ కార్డయినా అతను ఒక్క ఊపిరిలో తీసేవాడు. బడి పోయాక తనకు దక్కిన మర్యాద ఇదేనని అనుకునేవాడు.

1960 ఆగస్టులో బీజాన్ కాలికి రేకు కోసుకుని చీము పట్టి వచ్చింది. పెన్సిలిన్ సూది వేశారు. సూది గదిలోంచి వరండాలోకి వచ్చి పది అడుగులు నడవకుండానే ఆమె మొహం పొంగిపోయింది, ఊపిరి అందక కింద పడిపోయింది. క్రీస్తుదాసే పరుగెత్తి ఎత్తుకుని లోపల బల్ల మీద పడుకోబెట్టాడు. డాక్టరు ఇంకో సూది వేసి, గంటసేపు పక్కనే నిలబడి బతికించింది. తర్వాత బీజాన్ కార్డు తెప్పించి, పెన్సిలిన్ ఈమె ఒంటికి సరిపడదు, మళ్ళీ ఇస్తే చనిపోతుంది, అందరికీ కనబడేట్టు రాయమని చెప్పింది. క్రీస్తుదాసు ఎర్ర సిరాతో, పై అంచున, ఇంగ్లీషులో ఒకసారి తెలుగులో ఒకసారి రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఆ రాత ఉన్నంతకాలం ఆమెకేమీ కాదని డాక్టరు అంది.

ఆ మాట అతను ఇంటికి మోసుకెళ్ళి భార్య రెబెక్కమ్మకు చెప్పాడు.

"ఏడేళ్ళు పలకల మీద రాయించి ఒక్కణ్ణీ దారికి తేలేదు. రెండు గీతలు గీసి మనిషిని బతికించినావా?" అని రెబెక్కమ్మ నవ్వింది.

అతనూ నవ్వాడు. కానీ లోపల ఆ రెండు గీతల మీద అతనికి గట్టి నమ్మకం ఏర్పడింది. బీజాన్ ప్రాణం 1846 నంబరు కార్డులో భద్రంగా ఉందని, దానికి కాపలా తనేనని.

బీజాన్ తోడికోడలు జైతూన్‌బీ. అల్లాబక్షు తమ్ముడు నాగూర్ భార్య. రెండు సంసారాలూ ఒకే పెంకుటింట్లో, మధ్యలో తడిక. 1959లో జైతూన్‌బీకి న్యుమోనియా వచ్చింది. గుడ్డలో చుట్టి మంచం మీద మోసుకొచ్చారు. ఆరు రోజులు, ఆరు పెన్సిలిన్ సూదులు. ఏడో రోజు లేచి గంజి తాగింది. దాంతో ఆమె బిళ్ళకు పేరు వచ్చింది. కొందరు వైద్యులకు హస్తవాసి ఉంటుందని జనం నమ్ముతారు కదా, ఈ పల్లెల్లో ఆ నమ్మకం డాక్టరు చేతి నుంచి రేకు బిళ్ళకు మారింది. చావు దాకా పోయిన మనిషిని తిరిగి తెచ్చిన బిళ్ళకు వాసి ఉన్నట్టు. ఎవరికి జబ్బు చేసినా జైతూన్‌బీ ఇంటికి పోయి, బిళ్ళ అడిగి తీసుకుని, ఆసుపత్రికి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు అప్పజెప్పడం మొదలుపెట్టారు.

ఇది క్రీస్తుదాసుకు కార్డు వెనకవైపు నిండినప్పుడు తెలిసింది. ఇరవై ఆరేళ్ళ జైతూన్‌బీకి జనవరిలో గర్భం పోయింది. ఫిబ్రవరిలో గడ్డం గీసుకున్నచోట సెగగడ్డ లేచింది. మార్చిలో మళ్ళీ అయిదో నెల. మొదట నవ్వు వచ్చింది. తర్వాత సొరుగుల్లోంచి బాగా నలిగిన కార్డులు కొన్ని తీసి చదివాడు. ముప్ఫై కార్డుల్లో పదకొండు ఒక్క మనిషివి కావు. ఆ సాయంత్రం అతను భోజనం సరిగ్గా చేయలేదని రెబెక్కమ్మ తర్వాత చెప్పింది.

జైతూన్‌బీ వచ్చినప్పుడు అడిగాడు. ఆమె దాచలేదు.

"మంచి బిళ్ళన్నా అది. గోరీ కాడ్నుంచి నన్ను ఎనక్కి తెచ్చింది. ఊళ్ళో వాళ్ళు వచ్చి అడిగితే లేదనేదెట్ట? పాపం గదా."

డాక్టరుకు చెప్పాడు. ఆమె రెండు చేతులతో కళ్ళు నలుపుకుని, పల్లెవాళ్ళకు నచ్చజెప్పమంది. అతను అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వరండాలో కట్టాడు. ఎవరి బిళ్ళ వాళ్ళే తేవలెను. వరండాలో చదవగలిగినవాళ్ళు పదిమందికి ఒకడు. పేరు అడిగి చూశాడు. బిళ్ళ ఎవరిదో ఆ పేరే ముందుగా నేర్చుకుని వచ్చేవాళ్ళు. ఒకసారి జైతూన్‌బీ బిళ్ళతో వచ్చిన మీసాల మనిషిని ఆపి, నువ్వు జైతూన్‌బీవా అని అడిగాడు. వాడు అక్క కోసం వచ్చినానన్నాడు. అక్క ఎక్కడంటే ఇంట్లో అన్నాడు. నొప్పి ఎవరికంటే నాకే అన్నాడు. వరుస అంతా నవ్వింది, ఆ తర్వాత అరిచింది. పదిన్నర బస్సు తప్పిపోయిందని ఇద్దరు ఆడవాళ్ళు తిట్టిపోశారు. ఆనందకుమారి బయటికి వచ్చింది.

"దాసూ, రోజుకి రెండు వందలమంది. మనిషికి రెండు నిమిషాలు కూడా లేవు నాకు. నువ్వు నంబరు చూడు, కార్డు ఇవ్వు. మనిషిని నేను చూసుకుంటాను" అంది. లోపలి కిటికీలోంచి తనతో మాట్లాడవద్దని కూడా చెప్పింది. రోగి ఒంటి మీద బట్ట తీసి ఉన్నప్పుడు ఆ కిటికీలోంచి మగగొంతు రావడం ఆడవాళ్ళకు ఇబ్బందిగా ఉందట. అది న్యాయమే. ఆమె చూసేది ఎక్కువగా కార్డునేనని క్రీస్తుదాసుకు తెలుసు. కిటికీలోంచి కనబడేది. రాసినదాని మీదినుంచి ఆమె తల పైకి లేచేసరికి రెండు నిమిషాల్లో ఒకటి అయిపోయేది. మళ్ళీ కుర్చీలో కూర్చుని తర్వాతి బిళ్ళ అందుకున్నాడు.

ఈ వ్యవహారమంతటిలో అతనికి ఒక్క మనిషి గురించే భయం. బీజాన్. 1961 చలికాలంలో ఆమె దగ్గుతో వచ్చింది. కార్డు మీద ఎర్ర రాత చూసి డాక్టరు సల్ఫా మాత్రలు రాసిచ్చింది. బీజాన్ మాత్రల పొట్లం పట్టుకుని కార్డుల కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా బిళ్ళతో వస్తే మాత్రలే గదన్నా ఇస్తారు. జైతూన్‌కి ఆరు సూదులేసినారు. నేనేం పాపం చేసినా?"

"నీకు ఆ సూది పడదమ్మా. ఆ రోజు వరండాలో ఏమైందో మర్చిపోయినావా?"

"అది సూది తప్పు కాదు. నా బిళ్ళ కొట్టేటప్పుడే నా ఏలు తెగింది. పుట్టకముందే రక్తం తాగిన బిళ్ళ. దాంతో వస్తే ఇంకేమైతది?"

క్రీస్తుదాసు చాలాసేపు చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది. చివరికి అలాగేనని తల ఊపింది, అది ఒప్పుకున్నట్టు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఆదివారం అతను చర్చి నుంచి నేరుగా మైపాడు వెళ్ళి అల్లాబక్షుకు చెప్పి వచ్చాడు. అల్లాబక్షు గరాటుకు మాటు వేస్తూ విని, రేకు కొట్టినవాణ్ణి నేను, రేకుకు వాసేమిటన్నా, ఆడోళ్ళ మాటలు అని నవ్వి, టీ తెప్పించాడు. ఇంట్లో చెప్తానన్నాడు. చెప్పాడో లేదో.

1962 డిసెంబరులో వారం రోజులు ముసురు పట్టింది. మైపాడు నుంచి పడవలు కదలలేదు. ఇళ్ళన్నీ జ్వరాలు. ముసురు విడిచిన సోమవారం ఉదయానికి వరండా నిండి, వరుస రోడ్డు దాకా పోయింది. ఆ రోజు బిళ్ళలు రెండు వందల ముప్ఫై ఒకటి.

తొమ్మిదిన్నర ప్రాంతంలో కిటికీలోకి ఒక ఎడమచెయ్యి వచ్చింది. చిటికెనవేలు సగమే ఉంది. చేతిలో 212 బిళ్ళ. మనిషి తలమీదుగా దుప్పటి కప్పుకుని వణుకుతోంది. పేరు అడిగాడు.

"జైతూన్‌బీ" అంది.

గొంతూ బీజాన్‌దే. ఆమె దుప్పటి కొంచెం తొలగించి అతని వంక చూసింది. బతిమాలుతున్నట్టు చూసింది. వెనకనుంచి ఎవరో తోశారు, లోపల డాక్టరు గంట కొట్టింది. క్రీస్తుదాసు సొరుగు లాగి 212 తీసి లోపలికి తోశాడు. తర్వాత చెబుదామనుకున్నాడు. లోపల ఉన్న రోగి బట్టలు సర్దుకున్నాక, కిటికీ దగ్గరికి వంగి ఒక్క మాట. ఈలోగా ఇంకో బిళ్ళ వచ్చింది.

లోపల డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి వినడం, కార్డు తిరగేయడం అతనికి తెలుస్తూనే ఉంది. ఇంతకుముందు పెన్సిలిన్ వేసుకున్నావు కదా, ఏమైనా ఇబ్బంది అయిందా అని ఆమె అడిగింది. అడగవలసిన ప్రశ్నే అడిగింది. ఆరు సూదులు వేసుకున్నానమ్మా, మంచిగైపోయింది అని బీజాన్ చెప్పింది. కార్డులోనూ అదే ఉంది. రెండేళ్ళ కింద తను గంటసేపు పక్కన నిలబడి బతికించిన మనిషే ఈమె అని డాక్టరుకు గుర్తు రాలేదు. రోజుకు రెండు వందల ముఖాలు. 1960 నాటి ఆ ప్రమాదం తర్వాత కొత్తవాళ్ళకైతే ముందు చర్మం మీద ఒక చుక్క మందు వేసి చూసేవాళ్ళు. ఆరు సూదులు సరిపడినట్టు రాసి ఉన్న మనిషికి ఆ పరీక్ష అక్కర్లేదు. కార్డు లేకపోయి ఉంటే ఆ పరీక్ష చేసేవాళ్ళు.

క్రీస్తుదాసు కుర్చీలోంచి సగం లేచాడు. కిటికీలో బిళ్ళ పెట్టిన ముసలాయన త్వరగా కానివ్వమన్నాడు. అతను ఆ కార్డు తీశాడు. ఇంకో రెండు తీశాడు. మొత్తం మూడు కార్డులు. నాలుగోదానికి చెయ్యి పోతుండగా సూది గదిలోంచి కేక వినబడింది.

ఈసారి బీజాన్ బతకలేదు. పావుగంట కూడా పట్టలేదు.

ఆనందకుమారి 212 కార్డు మీద జరిగింది రాసింది. పెన్సిలిన్ వికటించి మృతి. టైము, తేదీ, సంతకం. వరండాలో ఇంకా నూట అరవైమంది ఉన్నారు. ఆమె మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. క్రీస్తుదాసు కార్డులు ఇస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి 1846 తీసి చూశాడు. ఎర్ర రాత చెక్కు చెదరలేదు. కార్డులో తప్పేమీ లేదు.

వరుసలో బీజాన్‌ను ఎరిగినవాళ్ళు కబురు పెడితే, శవాన్ని తీసుకుపోవడానికి అల్లాబక్షు, నాగూర్ ఎద్దుబండి తెచ్చారు. నాగూర్ బండి దగ్గర ఉన్నాడు. అల్లాబక్షు కార్డుల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. తన భార్య చచ్చిపోతే జైతూన్‌బీ చచ్చిపోయిందని రాశారేమిటని అడగడానికి వచ్చాడేమో అనుకున్నాడు క్రీస్తుదాసు. అతను అడిగింది వేరు.

"నువ్వు చూసినావా దాసన్నా, ఆమెని?"

"చూసినా."

"ఎవరో తెలిసిందా?"

"తెలిసింది. వేలు చూసినా."

అల్లాబక్షు గోడకు ఆనుకున్నాడు. కొడతాడేమోనని క్రీస్తుదాసు ఎదురుచూశాడు, కొట్టినా బాగుండుననుకున్నాడు. అల్లాబక్షు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పబాక. బిళ్ళ జైతూన్ ఇచ్చిందని తెలిస్తే నా తమ్ముడు దాన్ని ఇంట్లో ఉండనియ్యడు. ముగ్గురు పిల్లలుండారు. పోయింది ఎట్టాగూ పోయింది. ఆ అట్ట మీద ఏముంటే అదే ఉండనీ."

"డాక్టరమ్మకన్నా చెప్పనీ. కార్డు తప్పు ఉండాది."

"అట్ట తప్పు ఉంటే ఎవురికి నష్టం? నా ఇల్లు ఇంకో తూరి కూల్చబాక."

క్రీస్తుదాసు ఒప్పుకున్నాడు. మూడు కార్డుల సేపు నోరు తెరవని మనిషికి ఆ తర్వాత ఏ హక్కుతో తెరవాలో తెలియలేదు. గ్రామ మునసబు తన పుస్తకంలో బీజాన్ చనిపోయినట్టు రాసుకున్నాడు. ఆసుపత్రిలో జైతూన్‌బీ చనిపోయింది. 212 కార్డును చనిపోయినవాళ్ళ సొరుగులో పెట్టారు. రెండు చోట్ల రాతనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడవలసిన పని ఎవరికీ లేదు.

బిళ్ళలు మార్చుకోవడం ఆగిపోలేదు. అడిగినవాళ్ళకు జైతూన్‌బీ ఇక ఇవ్వకపోవడంతో ఆ ఒక్క బిళ్ళకు మాత్రం వాసి పోయిందన్నారు, ఇంకెవరి బిళ్ళకో ఉందన్నారు. అసలు సంగతి తెలిసిన ముగ్గురూ పైకి చెప్పలేదు, మిగతావాళ్ళకు తెలిసినంతలో వాళ్ళు నమ్మారు.

క్రీస్తుదాసు మారిపోయాడు. ప్రతి బిళ్ళకూ తల పైకెత్తి మనిషిని చూడడం మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, పోయినసారి వచ్చిన జబ్బు, అన్నీ అడిగేవాడు. జవాబు కుదరకపోతే కార్డు ఇచ్చేవాడు కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు తొంభైమంది కూడా అయ్యేవాళ్ళు కాదు. దూరం నుంచి వచ్చినవాళ్ళు బస్సు కోసం చూపించుకోకుండానే తిరిగిపోయేవాళ్ళు. ఆనందకుమారి మూడుసార్లు చెప్పి చూసింది. నాలుగోసారి అతన్ని కూర్చోబెట్టి మాట్లాడింది.

"నువ్వు అడిగే ప్రశ్న సరైందే దాసూ. ఆ ప్రశ్నకు మన దగ్గర టైము లేదు. నిన్న వెనక్కి పోయిన నలభైమందికి ఎవరు జవాబు చెప్తారు?"

1963 వేసవిలో అతన్ని దుప్పట్ల గదికి మార్చారు. ఉతికి వచ్చినవి మడత పెట్టడం, చిరిగినవి పక్కన పెట్టడం. కార్డుల గదికి కరుణాకుమారి అనే పద్ధెనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. చురుకైనది, నెమ్మదస్తురాలు. రెండు వందల కార్డులు పన్నెండు గంటలకల్లా ఇచ్చేసేది. ఆసుపత్రి చూడడానికి వచ్చిన పెద్దలు ఆ సొరుగులు లాగి చూసి, జిల్లాలో ఇంత చక్కని పద్ధతి ఇంకెక్కడా లేదని మెచ్చుకుని పోయేవాళ్ళు. క్రీస్తుదాసుకు జీతం తగ్గలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. చేతిరాత బాగుంటుందని చర్చివాళ్ళు పెళ్ళి పుస్తకం రాయమంటే చెయ్యి నొప్పి అని చెప్పి తప్పించుకున్నాడు. 1965లో ఆనందకుమారి గూడూరు వైపు ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు దుప్పట్ల గదికి వచ్చి సెలవు తీసుకుంది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

1966 మార్చిలో ఒక ఉదయం జైతూన్‌బీ దుప్పట్ల గది గుమ్మంలో కనబడింది. మూడేళ్ళకు పైగా ఆమె ఆసుపత్రి ఛాయలకు రాలేదు. మనిషి సగమైంది. గుమ్మం పట్టుకుని దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. కొంగు మీద ఎరుపు.

"ఎవురిదన్నా బిళ్ళ ఉంటే ఇప్పియ్యన్నా" అంది.

"నీది ఏమైంది?"

"ఉప్పుటేట్లో ఇసిరేసినా. దాన్ని ఇంట్లో పెట్టుకుని నిద్ర పోలేకపోయినా."

క్రీస్తుదాసు చేతిలోని దుప్పటి పక్కన పెట్టాడు. 1959 నాటి న్యుమోనియా తర్వాత ఆనందకుమారి ఆమె కార్డు మీద ఒక మాట రాసింది, అది అతనికి గుర్తుంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది, మళ్ళీ దగ్గు వస్తే ఆలస్యం చేయకుండా క్షయ పరీక్ష చేయాలి. వచ్చే డాక్టరెవరైనా ఆ ఒక్క వరుస చదివితే ఆ రోజే ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఫోటో తీయించడానికి నెల్లూరు పంపుతాడు. చదవకపోతే దగ్గు మందు.

అతను ఆమెను వెంటబెట్టుకుని కార్డుల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బిళ్ళ పోయింది, నంబరు 212 అని చెప్పాడు. కరుణాకుమారి సొరుగులో చూసింది, పక్కనున్న చిట్టాలో చూసింది.

"ఆ నంబరు చనిపోయినవాళ్ళ సొరుగులో ఉందండీ. డాక్టరుగారి చీటీ లేకుండా ఆ సొరుగు తీయకూడదు. ఈమె ఎవరు?"

వరుస వెనక్కి రోడ్డు దాకా ఉంది. జైతూన్‌బీ అతని వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెం. నాగూర్ వరండా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, వినబడేంత దూరంలో. ఆ కార్డు బయటికి తీస్తే దాని మీద చివరి వరుస కూడా బయటికి వస్తుంది. జైతూన్‌బీ చనిపోయిన రోజు, టైము.

కరుణాకుమారి జవాబు కోసం ఎదురుచూడలేదు. ఎవరికీ ఇబ్బంది లేకుండా చేసే మార్గం ఆమెకు తెలుసు. కొత్త కార్డు తీసి, పేరు అడిగి, జైతూన్‌బీ చెప్పింది రాసుకుంది. కొత్త బిళ్ళ తీసి కిటికీలో పెట్టింది. జైతూన్‌బీ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది.

"ఇంతకుముందు ఈ ఆసుపత్రికి ఎప్పుడైనా వచ్చినావా? జబ్బులేమైనా?" అని కరుణాకుమారి అడిగింది.

క్రీస్తుదాసు కిటికీ చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"లేదమ్మా. ఇదే మొదలు" అంది జైతూన్‌బీ.

కరుణాకుమారి పూర్వపు జబ్బులు అన్నచోట లేవు అని రాసి, కార్డు లోపలికి తోసింది.